గ్రాంటు కాదు, చేబదులు

ఈసారి రాసేది కాస్త పొడుగు. కానీ వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో దీనిమీద చేతులెత్తాలి కాబట్టి, ఓపిగ్గా చదవమని మనవి.

విషయం ఇది. మన చదువుల నిధికి జనవరి చివర్లో ఒక దరఖాస్తు వచ్చింది. రాసింది మన ఊరి అమ్మాయే. పేరు ఇక్కడ రాయను, సమావేశంలో ఎలాగూ తెలుస్తుంది. దూరంగా ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ మూడో ఏడు. చదివేది భూవిజ్ఞానం. పరిశోధన గౌతమి పాయ తెచ్చే ఒండ్రు మీద. ఆస్ట్రియా దేశపు వియన్నాలో జరిగే యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ మహాసభకి ఆమె పేపరు తీసుకున్నారు. వెళ్లి రావడానికి సంఘం సాయం కావాలంది.

కమిటీలో నలుగురం కూర్చున్నాం. నిధి లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి దరఖాస్తు చదివి వినిపించింది నేనే. చదవడం అవ్వగానే పెద్ద మాస్టారు ఒకే మాట అన్నారు. "ఇది పదో తరగతి పిల్లల పరీక్ష ఫీజులకీ, నోటు పుస్తకాలకీ పెట్టుకున్న డబ్బు కదయ్యా. విమానం టికెట్లకెలా ఇస్తాం?"

మాస్టారి ప్రశ్నలో తప్పేం లేదు. ఆ నిధిలో ప్రతి రూపాయీ ఎవరో ఒకరు పెళ్లికో, తద్దినానికో, పిల్లాడికి ఉద్యోగం వచ్చినందుకో ఇచ్చిందే. అందుకే జవాబు నోటిమాటగా చెప్పకుండా, లెక్కలతో సహా అందరి ముందూ పెడదామని ఇది రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి చేస్తున్న పని సంగతి చెప్పుకుందాం. ఎందుకంటే అది మన కాళ్ల కింద మట్టి గురించి.

మనం ఉన్నది గోదారి కట్టిన నేల మీద. గౌతమి నుంచి కోరంగి ఏరు విడిపోయే చోట ఉన్న ఊరు మనది. వేల ఏళ్లుగా ప్రతి వరదా కాస్త మట్టి తెచ్చి పోస్తేనే ఈ డెల్టా పెరిగింది. కొత్త ఒండ్రు తన బరువుకి తానే అణిగి, కిందికి దిగుతుంది. పైన మళ్లీ వరద కొత్త పొర వేస్తుంది. ఈ రెండూ సమానంగా నడిచినంత కాలం నేల నిలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత పైన ఎన్ని ఆనకట్టలు, ఎన్ని జలాశయాలు వచ్చాయో మనకి తెలిసిందే. నీళ్లు పొలాలకొచ్చాయి, అన్నం పెట్టాయి. కాదనడానికి లేదు. కానీ మట్టిలో చాలా భాగం ఆ జలాశయాల్లోనే కూర్చుండిపోతోంది. అణగడం ఆగలేదు, కొత్త పొర మాత్రం పలచబడింది. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాల మీద ఒక పేరున్న అధ్యయనం వచ్చింది. వాటిలో 24 కుంగుతున్నాయని తేల్చారు. ఆ జాబితాలో మన గోదావరీ ఉంది, కృష్ణా ఉంది.

ఉప్పాడ వెళ్లినవాళ్లకి సముద్రం ఎలా కోస్తుందో కళ్లారా తెలుసు. 2022 జులై కూడా మర్చిపోలేదు కదా. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలినప్పుడు మన పల్లపు వీధుల్లో పడవలు తిరిగాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1789, 1839 కోరంగి ఉప్పెనల కథలు మన తాతముత్తాతల నోట విన్నవే. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాటని పుట్టించింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. ఆయన చర్చించిన తుఫానుల్లో 1789 కోరంగిది ఒకటి. అంటే మన పక్క ఊరి కన్నీళ్ల గురించి కూడా ఎక్కడో దూరంగా సభల్లో మాట్లాడుకుంటే, అందులోంచి శాస్త్రం పుట్టింది. ఆ సభల్లో అప్పుడు మనవాళ్లెవరూ లేరు.

ఈ అమ్మాయి చేస్తున్నదేమిటంటే, లంకల్లోనూ మడ అడవుల కాలవల పక్కనా పొడుగాటి పీవీసీ గొట్టాలు దిగ్గొట్టి, పొరలు చెదరకుండా మట్టి పైకి తీస్తుంది. ఆ మట్టిని సెంటీమీటరు సెంటీమీటరు ముక్కలు కోసి, ఏ పొర ఏ కాలానిదో లెక్కగడుతుంది. దానికి లెడ్-210 అనే పద్ధతి ఉంది. గాల్లోంచి రాలి మట్టిలో చేరే ఒక రకం సీసం అది. సుమారు 22 ఏళ్లకోసారి దాని రేడియోధార్మికత సగానికి పడిపోతుంది. ఏ లోతులో ఎంత మిగిలిందో చూసి, వంద నూటయాభై ఏళ్ల దాకా వెనక్కి తారీఖులు కట్టొచ్చు. ఏ దశాబ్దంలో ఎంత మట్టి చేరిందో దాన్నిబట్టి తెలుస్తుంది. 1986 వరద పొర ఏది, 2022 వరద పొర ఏది, రెండింటి మందంలో తేడా ఎంత అన్నది ఆమె పేపరు. పటాల్లో లేని కాలవల్లోకి పడవ వేసుకుని తీసుకెళ్లింది వాళ్ల నాన్న. ఆయన జీవితమంతా ఆ ఏట్లోనే వేట. పోటు ఎప్పుడొస్తుందో, ఏ మేట ఏ ఏడు కదిలిందో ఆయనకి నోటికొచ్చు. పేపరు చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు ఉంది. నాకు చూపిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చదువుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

ఇక ఆ మహాసభ సంగతి. ఏటా వియన్నాలో జరుగుతుంది. సుమారు 20 వేల మంది వస్తారు. భూకంపాలవాళ్లు, నదులవాళ్లు, మంచుకొండలవాళ్లు, వాతావరణంవాళ్లు అందరూ ఒకే కప్పు కింద. అంత జనంలో మన పిల్ల మాట ఎవరు వింటారని ఒకరడిగారు. అక్కడ మూడు రకాలుగా పేపరు చెప్పే ఏర్పాటు ఉంది. ఒకటి ఉపన్యాసం, రెండోది పోస్టరు, మూడోది పీకో అంటారు. ఈమెకి వచ్చింది పీకో. ముందు అందరికీ రెండంటే రెండు నిమిషాల్లో తన పని చెప్పాలి. తర్వాత తనకిచ్చిన తెర దగ్గర నిలబడాలి. ఆసక్తి ఉన్నవాళ్లు దగ్గరకొచ్చి, తెరమీద పటాలు తిప్పించి, ఎంతసేపైనా అడుగుతారు. అసలు పని అక్కడే.

ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చు కదా అంటారా? చెప్పుకోవచ్చు. కరోనా తర్వాత ఆ వీలు కూడా పెట్టారు. కానీ ఒక్క ఉదాహరణ చెప్తాను. ఇటలీలో పో అనే నది ఉంది. దాని డెల్టాలో పోయిన శతాబ్దం మధ్యలో మీథేన్ గ్యాసు కలిసిన నీళ్లు విపరీతంగా తోడారు. నేల కొన్నిచోట్ల రెండు మూడు మీటర్లు కుంగిపోయింది. 1960ల మొదట్లో ప్రభుత్వం ఆ తోడకాలు ఆపించింది. ఆ కుంగుబాటుని దశాబ్దాల తరబడి కొలిచినవాళ్లు, వాళ్ల శిష్యులు ఇలాంటి సభలకే వస్తారు. మన కోనసీమలో గ్యాసు తవ్వకాల వల్ల భూమి కుంగుతోందా లేదా అని ఎన్నేళ్లుగా వాదులాడుకుంటున్నామో మీకు తెలుసు. ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు, కొలతలు మాత్రం ఎవరి చేతిలోనూ సరిపడా లేవు. ఎలా కొలవాలి, ఒండ్రు తనంతట తాను అణగడాన్నీ గ్యాసు వల్ల కుంగడాన్నీ ఎలా విడదీయాలి అని ఈ అమ్మాయి అడగాల్సింది వాళ్లనే. కంప్యూటరు తెరమీద పది నిమిషాల్లో పేరూ ఊరూ చెప్పుకునే పరిచయంతో ఆ పని అవ్వదు. ఎదురుగా నిలబడి, మట్టి ఫోటోలు చూపించి, మర్నాడు మళ్లీ టీ దగ్గర పట్టుకుని అడిగితే అవుతుంది. మన పంచాయతీ పనులైనా అంతే కదా. ఫోనులో అవ్వనివి ఎదురుపడితే అవుతాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆమె ఇచ్చిన కాగితం యథాతథంగా రాస్తున్నాను.

విమానం రానూపోనూ 72 వేలు. సభ రుసుము 33 వేలు. వీసా ఫీజు, ప్రయాణ బీమా, వీసా కోసం నగరానికి వెళ్లొచ్చే ఖర్చు కలిపి 15 వేలు. ఇవి 1 లక్షా 20 వేలు. అక్కడ మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి తీసుకునే గదిలో ఆమె వంతు 36 వేలు. తిండి, మెట్రో, చిల్లర ఖర్చులు 19 వేలు. మొత్తం 1 లక్షా 75 వేలు.

ఇందులో మొదటి 1 లక్షా 20 వేలు ఆమెకి ఇప్పటికే మంజూరయ్యాయి. అవునండి, మంజూరయ్యాయి. ఒక సంస్థ ప్రయాణ సాయం ఇస్తామని ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది. మరి ఇంకేం కావాలి అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఉత్తరంలో రెండో పేజీ చూడమంది. వెళ్లి తిరిగొచ్చాక బోర్డింగ్ పాసులు, టికెట్ల రసీదులు, సభలో పాల్గొన్నట్టు ధ్రువపత్రం, ఖర్చుల పట్టిక అన్నీ జతచేసి పంపితే, పరిశీలించి చెల్లిస్తారట. అంటే ముందు ఆమె ఖర్చు పెట్టాలి. తర్వాత వాళ్లు ఇస్తారు. ఎప్పుడు ఇస్తారు? ఆమె సీనియర్ల అనుభవం ప్రకారం మూడు నాలుగు నెలలు.

వాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ముందే డబ్బిచ్చేస్తే వెళ్లనివాళ్ల దగ్గర తిరిగి వసూలు చేయడం ఏ ఆఫీసుకైనా కష్టమే. ప్రజల సొమ్ముకి రసీదు అడగడం న్యాయమే. కానీ ఈ పద్ధతిలో ఒక సంగతి మరుగున పడిపోయింది. లక్షా ఇరవై వేలు నాలుగు నెలలు విడిచి ఉండగలిగిన ఇంటి పిల్లలకే ఆ గ్రాంటు పనికొస్తుంది. నాన్న ఉద్యోగస్తుడైతే క్రెడిట్ కార్డు గీకుతాడు. నాన్నకి పడవా వలా మాత్రమే ఉంటే మంజూరు ఉత్తరం బీరువాలో దాచుకోవాలి.

పీహెచ్‌డీ పిల్లలకి నెలనెలా డబ్బులొస్తాయి కదా అన్నారు ఒక బాబాయి. వస్తాయి. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42 వేలు. ఆ పరీక్షలో ఫెలోషిప్ రాకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లకి నెలకి 8 వేలు. అది కూడా ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందనుకుంటే పొరపాటే. ఈమెది రెండో రకం. ఆ 8 వేలల్లోంచే మూడేళ్లలో 20 వేలు దాచింది. ఎలా దాచిందో నేను అడగలేదు.

వీసా దగ్గర ఇంకో మెలిక ఉంది. యూరప్ వీసాకి ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోలకి తగ్గకుండా ప్రయాణ బీమా, గది బుకింగు, ఆహ్వాన పత్రం. వీటితోపాటు బ్యాంకు స్టేట్‌మెంటు చూపించాలి. అక్కడున్నన్ని రోజులూ బతకడానికి డబ్బుందని వాళ్లకి నమ్మకం కుదరాలి. సాయం చేసేవాళ్లు తిరిగొచ్చాక ఇస్తామంటారు. వీసా ఇచ్చేవాళ్లు వెళ్లకముందే చూపించమంటారు. మధ్యలో ఇల్లు ఏం చేస్తుంది? వాళ్లమ్మ నానుతాడు, రెండు గాజులు బ్యాంకులో పెడతానంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. దరఖాస్తు మన దగ్గరికి వచ్చింది అందుకు.

ఇది మొదటిసారి జరిగిన కథ కూడా కాదు. మన ఊరి కుర్రాడే ఇంకొకడు, ఇలాంటి చదువే చదివాడు. అంతర్జాతీయ భూవిజ్ఞాన కాంగ్రెస్ అని నాలుగేళ్లకోసారి జరిగే పెద్ద సభ ఉంది. మొదటిది 1878లో పారిస్‌లో జరిగింది. 1964లో ఢిల్లీలో జరిగింది, ఆసియాలో అదే మొదటిసారి. మళ్లీ 2020 మార్చిలో ఢిల్లీకే రావాల్సి ఉంది. ఆ కుర్రాడు ఎంత సంబరపడ్డాడో! వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు, సామర్లకోటలో రైలెక్కితే చాలు. కరోనా వచ్చి వాయిదా పడింది. చివరికి 2022 మార్చిలో ఆన్‌లైన్‌లో ముగించారు. ఆ తర్వాతది 2024 ఆగస్టులో దక్షిణ కొరియా బుసాన్‌లో. అప్పటికి చేతిలో పేపరుంది, సగం ఖర్చులకి మంజూరు ఉత్తరం కూడా ఉంది. ముందు పెట్టడానికి డబ్బు లేదు. వెళ్లలేదు. ఇప్పుడు పరిశోధన వదిలేసి, బోర్లు వేసేవాళ్లకి నీళ్లెక్కడ పడతాయో చూసే పనిలో ఉన్నాడు. నిజాయితీ గల పనే, నాలుగు డబ్బులొస్తున్నాయి. కానీ వాడు చదివింది దానికి కాదు. వాడు మన సంఘాన్ని అడగలేదు, ఎందుకంటే ఇలాంటిది అడగొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆంధ్రా ప్రభుత్వ పథకాలు మనకి వర్తించవు, మన చిరునామా పుదుచ్చేరి. పుదుచ్చేరి ఆఫీసు 800 కిలోమీటర్ల పైన. ఒక సంతకం కోసం రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లి రావడం మనందరికీ అలవాటే. ఈ మధ్యలో పడిపోయే పిల్లల కోసమే కదా అసలు సంఘం పెట్టుకున్నది.

ఇప్పుడు పాత సంగతి ఒకటి గుర్తుచేస్తాను. మన పక్కదే. కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారి పేరు తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. తన ఆస్తిని చదువులకీ ధర్మానికీ రాసిచ్చిన మనిషి. కాకినాడలో ఆయన పేరున ఎంఎస్ఎన్ ఛారిటీస్ ఇప్పటికీ నడుస్తోంది. 1920ల మొదట్లో భీమవరంలో పుట్టిన ఒక కుర్ర వైద్యుడు అమెరికా వెళ్లి చదవాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని హామీ ఇచ్చింది. మామగారు డబ్బు సమకూర్చారు. ఆ రెండూ కలిస్తేనే ఓడెక్కాడు. ఆ కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ లాంటి మందుల వెనక ఉన్న పేరు ఆయనది.

ఈ అమ్మాయి సుబ్బారావు గారంత అవుతుందని నేను అనడం లేదు. అలా అనడం ఆమె నెత్తిన బరువు పెట్టడం. నేను చెప్పేది డబ్బు నడిచిన తీరు గురించి. హామీ ఒక చోట నుంచి వచ్చింది, ఓడ ఎక్కడానికి కావాల్సిన రొక్కంలో ఇంకొకరు చెయ్యి కలిపారు. ఈమెకి హామీ వచ్చేసింది. చెయ్యి కలిపే మామగారు లేరు, అంతే.

ఇక కమిటీలో వచ్చిన అభ్యంతరాలు ఒక్కొక్కటీ చూద్దాం.

పదో తరగతి పిల్లల డబ్బు తగ్గిపోతుందా? తగ్గదు. ఆమె అడిగిన 1 లక్షా 20 వేలు మనకి తిరిగొచ్చే డబ్బు. మన డిపాజిట్ ఒకటి మార్చిలో గడువు తీరుతోంది. దాన్ని వెంటనే మళ్లీ వేయకుండా ఆరు నెలలు ఆపితే పోయేది ఆ ఆరు నెలల వడ్డీ. నాలుగు వేల పైచిలుకు అవుతుంది. ఆ వడ్డీ నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ సొంతంగా నిధికి కట్టేస్తామని ఇప్పటికే మాటిచ్చాం. జూన్‌లో నోటు పుస్తకాల పంపిణీకి పెట్టిన పద్దు వేరే ఖాతాలో ఉంది. దాన్ని ముట్టుకోం.

మిగతా 55 వేల సంగతి? ఆమె దాచుకున్నది 20 వేలు. వాళ్ల ప్రొఫెసరు తన ప్రాజెక్టులోంచి 20 వేలు ఇస్తున్నారు. లోటు 15 వేలు. ఇది మాత్రం తిరిగి రాదు, సాయంగా ఇవ్వాల్సిందే. దీనికి నిధి డబ్బు వాడొద్దు. ముప్పై మంది తలో ఐదొందలు వేసుకుంటే సరిపోతుంది.

వీసా రాకపోతే? ఇది అసలైన ప్రశ్న. వీసా ఫీజు పోతుంది, టికెట్టు మీద కొంత పోతుంది. అందుకే వాపసు వచ్చే రకం టికెట్టు కొందాం, కాస్త ఖరీదెక్కువైనా. గది కూడా రద్దు చేసుకోగలిగేదే తీసుకున్నారు. అప్పటికీ పదో పదిహేను వేలో నష్టం రావచ్చు. ఆ నష్టం సంఘం భరించాలి, ఆమె మీద వెయ్యకూడదు అని నా అభిప్రాయం. ఈ మాట ముందే చెప్పి ఓటు అడుగుతున్నాను, తర్వాత నాకు చెప్పలేదు అనొద్దు.

డబ్బు తిరిగి ఇవ్వకపోతే? మంజూరు చెల్లింపు ఆమె ఖాతాలో పడుతుంది. పడ్డ వారంలో నిధికి జమ చేస్తానని రాసిచ్చింది. ప్రొఫెసరు గారు కూడా ఫోనులో మాట్లాడి, క్లెయిము కాగితాలు దగ్గరుండి పంపిస్తానన్నారు. హామీ సంతకం ఎవరు పెడతారంటే నేను పెడతాను. వాళ్ల నాన్న పెడతానన్నాడు గానీ, చెల్లింపు ఆలస్యమైతే ఆయన పడవ అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

ఆ కుటుంబం మన సంఘం సభ్యులేనా, అసలు మనవాళ్లేనా అని ఒకరు అడిగారు. అడిగినవారి మీద కోపం లేదు, చిన్న ఊళ్లో ఈ ప్రశ్న రాకుండా ఏ పనీ జరగదు. సంఘం నియమావళి తీసి చూశాను. చదువుల నిధి యానాం పిల్లలందరికీ అని రాసి ఉంది. మన పెద్దలు కులం పేరు గానీ, వీధి పేరు గానీ, పార్టీ పేరు గానీ రాయలేదు. 2022 వరద కూడా ఎవరి గడపా అడిగి ఎక్కలేదు.

ఇవాళ ఈమెకి ఇస్తే రేపు పదిమంది వస్తారు కదా? రావాలనే నా కోరిక. అందుకే ఒక్క అమ్మాయికి ఒక్కసారి ఇచ్చే సాయంలా కాకుండా, తిరిగే నిధిలా పెట్టమని నా ప్రతిపాదన. లక్షన్నర పక్కన పెడదాం. దాన్ని ప్రయాణ చేబదులు అందాం. అప్పు అంటే వడ్డీ గుర్తొస్తుంది, దానం అంటే తలవంపు గుర్తొస్తుంది. చేబదులు మనందరం ఇచ్చిపుచ్చుకునేదే. ఒకరు తెచ్చి జమ చేశాకే ఇంకొకరికి. షరతులు నాలుగే. పేపరు తీసుకున్నట్టు కాగితం ఉండాలి. ఖర్చులో సగానికి పైగా ఏదో ఒక సంస్థ మంజూరు చేసి ఉండాలి. టికెట్టు, రుసుము డబ్బు సంఘమే నేరుగా కట్టాలి. తిరిగొచ్చాక మన ఊరి రెండు బడుల్లో, తెలుగులో, పిల్లలకి అర్థమయ్యేలా తన పని గురించి చెప్పాలి. పేపరు మంచిదో కాదో తేల్చే పని మనది కాదు. అది తేల్చేవాళ్లు అక్కడున్నారు, వాళ్లు తీసుకున్నారంటే చాలు.

నాలుగో షరతు గురించి ఒక్క మాట. వాళ్ల నాన్న కమిటీకి వచ్చినప్పుడు నేను ఊరికే అడిగాను, మీ అమ్మాయి చేసేదేంటో మీకు తెలుసా అని. "మట్టి తగ్గిపోతోందని లెక్క రాస్తోందండి. తగ్గిపోతోందని నాకు తెల్సు. ఎంత తగ్గిందో దానికి తెల్సు" అన్నాడు. ఏ మేట ఎక్కడ పోయిందో తెలిసిన తండ్రీ, ఎంత పోయిందో కొలిచిన కూతురూ కలిసి మన బడి పిల్లల ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ గంట మాస్టారు చెప్పే పదో తరగతి పిల్లలకి కూడా పనికొస్తుంది. ఈ మాట మాస్టారితో అంటే నవ్వి, "అయితే మా బడిలో మొదట పెట్టించు" అన్నారు. ఒప్పుకున్నట్టో కాదో ఆదివారం తెలుస్తుంది.

దూరంగా ఉన్నవాళ్లకి ఇంకో మనవి. మీలో ఎవరికైనా విదేశీ చెల్లింపులకి పనికొచ్చే కార్డు ఉంటే చెప్పండి. సభ రుసుము యూరోల్లో కట్టాలి. మన సంఘం ఖాతాకి ఆ వీలు లేదు. రూపాయలు మీ ఖాతాకి అదే రోజు పంపిస్తాం. వియన్నాలోగానీ, దగ్గర్లోగానీ ఉన్నవాళ్లుంటే, చలికోటు ఒకటి వారంపాటు అరువిచ్చినా కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

సమావేశం ఆదివారం సాయంత్రం 5 గంటలకి, సంఘం హాల్లోనే. మంజూరు ఉత్తరం, ఖర్చుల కాగితం, మన డిపాజిట్ రసీదు మూడూ బల్ల మీద పెడతాను. ఎవరైనా చూసుకోవచ్చు. వీసా అపాయింట్‌మెంటు ఆ వారంలోనే తీసుకోవాలి, టికెట్టు ధర రోజుకో రకంగా ఉంది. వద్దనేవాళ్లు కూడా తప్పకుండా రండి. మీ ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేకపోతే ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాను. కోరం లేక వాయిదా పడితే మాత్రం, నిర్ణయం మనం చేసినట్టు కాదు, క్యాలెండరు చేసినట్టు అవుతుంది.